మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) నుంచి శంషాబాద్ (హైదరాబాద్ ఎయిర్‌పోర్టు) ఎంత దూరం? 352 ఆ, 360 ఆ, 194 ఆ? నాన్నగారిని తీసుకెళ్లాలి, తెలిసినవాళ్లు చెప్పండి

అంబాజీపేట_అబ్బాయి:
అందరికీ నమస్కారం అండి, మాది కోనసీమలో అంబాజీపేట. డిసెంబరు రెండో వారంలో నాన్నగారిని హైదరాబాద్ తీసుకెళ్లాలి. పంజాగుట్ట వైపు ఒక ఆసుపత్రిలో మోకాళ్ల డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికింది, మధ్యాహ్నం 3 గంటలకి. ఆయనకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. స్లీపర్ బస్సులో పై బెర్తు మాట దేవుడెరుగు, కింద బెర్తులోంచి లేవడానికే ఇద్దరు పట్టాలి. అందుకని ఈసారి విమానం అనుకుంటున్నాను. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ విమానం ఎక్కలేదు, నేనూ ఎక్కలేదు.

నిన్న రాత్రి కూర్చుని వెతికితే తల తిరిగిపోయింది. ఒక సైట్లో రాజమండ్రి – హైదరాబాద్ 352 కిలోమీటర్లు అని ఉంది, ఇంకోదాంట్లో 360, ఇంకోదాంట్లో 224, మరోదాంట్లో 194 అట. ప్రయాణం ఏమో ఒకడు 57 నిమిషాలు అంటాడు, టికెట్ మీద మాత్రం గంటా పది నిమిషాలు. పక్కింటి మామయ్యగారేమో "అదంతా మాయ, ఇంటి దగ్గర నుంచి లెక్కేస్తే రైలే నయం" అంటున్నారు. ఏది నమ్మాలి? ఇంటి నుంచి ఎన్నింటికి బయలుదేరాలి? కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

రన్‌వే_రాజు:
నాలుగూ కరెక్టే బ్రో, కంగారు పడకు. 360 కిలోమీటర్లు అంటే విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి గీత గీస్తే వచ్చే దూరం. 224 అదే దూరం మైళ్లలో. 194 కూడా అదే దూరమే, కాకపోతే నాటికల్ మైళ్లలో, పైలట్లు వాడే లెక్క అది, ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. 194ని 1.852తో గుణించి చూసుకో, 359 చిల్లర వస్తుంది. ఇక ఆ 352 ఎలా వచ్చిందో నాకూ తెలీదు, మాస్టారు ఆన్‌లైన్లో ఉంటే చెప్తారు, అలాంటివంటే ఆయనకి సరదా.

57 నిమిషాల సంగతి నవ్వొచ్చే విషయం. చాలా సైట్లకి విమానం గురించి ఏమీ తెలీదు. గంటకి 800 చొప్పున దూరాన్ని భాగించి, ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఓ అరగంట తగిలిస్తాయి. 360కి 27 నిమిషాలు, ప్లస్ 30, మొత్తం 57. అంతే, దానికి ఏ టైమ్‌టేబులూ చూడవు.

లెక్కల_మాస్టారు:
ఉన్నాను రాజూ. రిటైరయ్యాక నాకు ఇంకేం పని.

బాబూ, ఆ 352 ఊరికీ ఊరికీ మధ్య దూరం. హైదరాబాద్ అంటే శంషాబాద్ కాదు కదా, శంషాబాద్ ఊరికి దక్షిణంగా ఎక్కడో ఉంది. మధురపూడి కూడా రాజమండ్రి కాదు, కోరుకొండ దారిలో ఉంది. ఊరి నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకి కొలిచినవాడికి 352 వచ్చింది, రన్‌వే నుంచి రన్‌వేకి కొలిచినవాడికి 360.

కావాలంటే కాగితం మీద నువ్వే వేసుకోవచ్చు, పదో తరగతి లెక్క చాలు. శంషాబాద్ అక్షాంశం 17.24, రేఖాంశం 78.43. మధురపూడి అక్షాంశం 17.11, రేఖాంశం 81.82. రేఖాంశాల తేడా 3.39 డిగ్రీలు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 111 కిలోమీటర్ల పైచిలుకు, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది, మన అక్షాంశం దగ్గర 106 పైన వస్తుంది. 3.39ని దాంతో గుణిస్తే 360. అక్షాంశాల తేడా 0.13 డిగ్రీలు, అంటే 14 కిలోమీటర్లు. ఇది లంబకోణ త్రిభుజం, కర్ణం కట్టు. 360 వర్గం, 14 వర్గం, కలిపి వర్గమూలం తీస్తే 360 పక్కన ఓ పాతిక పైసలంత వస్తుంది. ఆ 14 కిలోమీటర్లు కర్ణంలో కనిపించనే కనిపించవు. ఎందుకంటే రెండు ఊళ్లూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. మనం ఎక్కిన విమానం ముక్కు సూటిగా పడమటికి పోతుందన్నమాట.

భూమి గుండ్రంగా ఉంది కదా, ఈ లెక్క చెల్లుతుందా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇంత దూరానికి చెల్లుతుంది. ఢిల్లీ వరకూ కూడా ఫర్వాలేదు, అదే పద్ధతిలో వేస్తే మధురపూడి నుంచి ఢిల్లీ సుమారు 1360, ముంబై 970, బెంగళూరు 620, చెన్నై 490 వస్తాయి. అమెరికాకి వేస్తే మాత్రం తప్పుతుంది, దానికి గోళం మీద దారం పెట్టి లాగాల్సిందే.

మిడిల్‌బెర్త్:
మాస్టారి లెక్క బాగుంది గానీ ఎవరైనా ఇంట్లోంచి ఎగురుతారా అండి? రైలు సంగతి నేను చెప్తాను. సికింద్రాబాద్ – రాజమండ్రి కాజీపేట, విజయవాడ మీదుగా పట్టాల మీద 500 కిలోమీటర్లు, ఓ కిలోమీటరో రెండో తక్కువ. రోడ్డు అయితే విజయవాడ మీదుగానే 420 దాటుతుంది. రైలు దూరం ఎక్కువైనా వందేభారత్ ఆరుంబావు గంటల్లో దింపేస్తుంది. 2023 సంక్రాంతికి మొదలైంది, విశాఖ నుంచి సికింద్రాబాద్ 699 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో. రాజమండ్రిలో ఉదయం ఎనిమిది ప్రాంతంలో ఎక్కితే రెండుంబావుకల్లా సికింద్రాబాద్. కూర్చునే సీట్లు, కాళ్లు చాపుకోవచ్చు, బాత్రూమ్ పక్కనే ఉంటుంది. పెద్దవాళ్లకి అది ముఖ్యం కాదా? విమానంలో బెల్టు పెట్టి కదలొద్దంటారు.

పైగా రైల్లో సెక్యూరిటీ అని బెల్టూ బూటూ విప్పించే గోల లేదు. నేనైతే రైలే అంటాను. (రైలు పిచ్చి ఉన్న మాట నిజమే, పేరు చూస్తే తెలుస్తుంది.)

అంబాజీపేట_అబ్బాయి:
మిడిల్‌బెర్త్ గారూ, రెండుంబావుకి సికింద్రాబాద్ అంటే మూడింటికి పంజాగుట్టలో ఉండాలి, టెన్షన్ అండి. రైలు అరగంట లేటయితే అపాయింట్‌మెంట్ పోతుంది, మళ్లీ నెల రోజులు ఆగమంటారు. ముందు రోజు వెళ్లి లాడ్జీలో ఉండటం నాన్నకి ఇష్టం లేదు. అయినా మా ఊరికి రైలెక్కడిదండి, కోటిపల్లి – నరసాపురం లైను అని నా చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నా.

ఒక డౌటు. 360 కిలోమీటర్లే కదా, విమానం గంటకి 800 వెళ్తుంది కదా, మరి గంటా పది ఎందుకు పడుతుంది?

రన్‌వే_రాజు:
ఇదీ అసలు ప్రశ్న.

ముందుగా, ఆ రూట్లో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72, ప్రొపెల్లర్ల బండి, డెబ్బై ఎనిమిది మంది పడతారు. అది గంటకి 500 దగ్గర వెళ్తుంది, 800 కాదు. 500 చొప్పున 360కి 43 నిమిషాలు. కానీ పైకి ఎక్కేటప్పుడు ఆ స్పీడు ఉండదు, దిగేటప్పుడు ఉండనివ్వరు. దానికి పది నిమిషాలు కలుపు. లేచాక రన్‌వే ఎటు ఉంటే అటు పోయి తిరగాలి, శంషాబాద్ దగ్గర ముందు పోయే విమానాల వెనక లైన్లో చేరాలి, గీత గీసినట్టు పోనివ్వరు. అంటే గాల్లో 50 నుంచి 55 నిమిషాలు. మిగతా పదిహేను నిమిషాలు నేల మీదే.

టికెట్ మీద టైము గాల్లో ఉన్న టైము కాదు. స్టాండు దగ్గర కదిలినప్పటి నుంచి, అవతల స్టాండులో చక్రాలు ఆగేవరకూ. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. అందులో కాస్త గుడ్డిగా కలిపి రాసుకుంటారు కూడా, లేటు అనిపించుకోకుండా. పదిహేను నిమిషాల లోపు లేటయితే లెక్కల్లో లేటే కాదు.

పోనీ జెట్టు విమానం వేశారనుకో, సగానికి సగం తగ్గుతుందా అంటే తగ్గదు. దిగడానికి పైలట్లకి ఒక బండ లెక్క ఉంది, వెయ్యి అడుగులు దిగాలంటే మూడు నాటికల్ మైళ్లు కావాలి. 28,000 అడుగుల నుంచి దిగాలంటే 84 నాటికల్ మైళ్లు, అంటే 155 కిలోమీటర్లు. ఎక్కడానికీ ఇంచుమించు అంతే. మొత్తం 360లో 300 ఎక్కడానికీ దిగడానికే సరి. మధ్యలో కాస్త బల్లపరుపుగా పోయేది టీ కప్పు తీసేంతసేపు. అందుకే ఈ దూరాలకి ఏటీఆర్ వేస్తారు, నూనె తక్కువ తాగుతుంది, టైములో తేడా పది నిమిషాలు ఉంటే ఎక్కువ.

పంటురేవు:
మాది నరసాపురం. ఈ గీత దూరం, దారి దూరం గొడవ మా రేవులో నిల్చున్నవాడికి చెప్పక్కర్లేదండి. ఎదురుగా సఖినేటిపల్లి కనపడుతూ ఉంటుంది, అవతల ఒడ్డున ఎవరు సైకిల్ దిగారో ఇక్కణ్ణుంచి చూడొచ్చు. పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కితే పావుగంట. పంటు ఆగిందంటే పాలకొల్లు వెళ్లి, చించినాడ వంతెన ఎక్కి, దిండి మీదుగా మళ్లీ కిందకి. ముప్పై కిలోమీటర్ల పైనే. వరదలప్పుడు పంటు కట్టేస్తారు, అప్పుడు అవతలి ఒడ్డు చుట్టాలు వేరే జిల్లాలో ఉన్నట్టే. అసలు నిజంగానే వేరే జిల్లా అనుకోండి.

ఇంకో సంగతి. పంటు నడిపేవాడు ఎప్పుడూ ఎదురు రేవుకి సూటిగా పట్టడు. ఆటుపోట్లు చూసుకుని కాస్త ఎగువకో దిగువకో పట్టుకుని పోతాడు, నీరు తోసుకుంటూ తీసుకొచ్చి సరిగ్గా రేవులో పెడుతుంది. విమానానికి గాలి కూడా ఇలాగే అయి ఉంటుంది, రాజు గారూ అవునా కాదా?

రన్‌వే_రాజు:
అచ్చంగా అంతే అన్నా. పక్కగాలి ఉంటే ముక్కు కొంచెం గాలివైపు తిప్పి పెడతారు, విమానం మాత్రం గీత మీదే పోతుంది. నీ పంటువాడికి లైసెన్సు ఇచ్చెయ్యొచ్చు.

నిర్వాహకుడు:
ఒక ట్రావెల్ ఏజెంటు ఫోన్ నంబరు ఉన్న రెండు పోస్టులు తీసేశాం. ఇక్కడ నంబర్లు పెట్టకండి. చర్చ కొనసాగించండి.

భీమవరం_బుల్లోడు:
అందరూ మధురపూడి అంటున్నారు, గన్నవరం (విజయవాడ ఎయిర్‌పోర్టు) ఎవరూ అనరేంటి? మా భీమవరం నుంచి రెండూ ఇంచుమించు ఒకే దూరం, కొంచెం అటూ ఇటూ. నేనెప్పుడూ గన్నవరమే వెళ్తాను, అక్కడ విమానాలు ఎక్కువ, ఒకటి పోతే ఇంకోటి. మాస్టారూ, గన్నవరం నుంచి శంషాబాద్ ఎంత వస్తుందండి మీ త్రిభుజంలో?

లెక్కల_మాస్టారు:
265 వస్తుంది. మధురపూడి కంటే 95 కిలోమీటర్లు తక్కువ. ఆ 95 కిలోమీటర్లకి విమానంలో పది పన్నెండు నిమిషాలు కలిసొస్తాయి. అంబాజీపేట నుంచి గన్నవరం వెళ్లడానికి మాత్రం గంటన్నర అదనంగా రోడ్డు మీద కూర్చోవాలి. నీకు గన్నవరం, ఆ అబ్బాయికి మధురపూడి. ఎవరి గుమ్మం ఎక్కడుందో దాన్ని బట్టి.

నైట్_రైడర్:
నాకో డౌటు ఎప్పటి నుంచో. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా. మరి మనం పడమటికి పోయేటప్పుడు హైదరాబాదే మనకి ఎదురొస్తున్నట్టు కదా, తొందరగా వెళ్లాలి. మా బావ గల్ఫ్ నుంచి వచ్చినప్పుడల్లా ఉల్టా చెప్తాడు, వెళ్లేటప్పుడే ఎక్కువసేపు పడుతుంది అంటాడు. వాడు నిద్రపోయి చెప్తున్నాడా?

రన్‌వే_రాజు:
మీ బావ కరెక్టే, నువ్వే తప్పు 😀 పోతున్న బస్సులో కూర్చుని కొబ్బరికాయ పైకి ఎగరేస్తే వెనక సీటువాడి నెత్తిన పడుతుందా? నీ ఒళ్లోనే పడుతుంది. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, గాల్లో ఉన్న విమానమూ తిరుగుతుంది. తేడా వచ్చేది పైన వీచే గాలి వల్ల. చలికాలంలో ఉత్తర భారతం మీద, గల్ఫ్ మీద బాగా ఎత్తులో పడమటి గాలి గట్టిగా వీస్తుంది. హైదరాబాద్ – కువైట్ 3,370 కిలోమీటర్లు. విమానం 850 పోతుంది, 100 ఎదురుగాలి అనుకో, 750 అయింది, నాలుగున్నర గంటలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 950, మూడున్నర గంటల పైన కాస్త. ఎక్కడం దిగడం అరగంట కలుపు. పోయేటప్పుడు ఐదు, వచ్చేటప్పుడు నాలుగూ చిల్లర. వర్షాకాలంలో మన దక్షిణాది మీద పైగాలి తూర్పు నుంచి వీస్తుంది, అప్పుడు ఈ తేడా ఇంతగా ఉండదు.

మన మధురపూడి రూటుకి గాలి వల్ల మారేది నాలుగైదు నిమిషాలు. దాని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

కువైట్_కబుర్లు:
రాజు తమ్ముడు చెప్పింది నిజం. నేను పదకొండేళ్లుగా తిరుగుతున్నాను, పోయేటప్పుడు ఐదు గంటలు, వచ్చేటప్పుడు నాలుగుంబావు. మొదటిసారి పోయినప్పుడు ఈ సంగతి తెలీదు. హైదరాబాద్‌లో పది గంటలకి ఎక్కితే అక్కడ దిగేసరికి వాళ్ల గడియారంలో పన్నెండున్నర. రెండున్నర గంటల్లో వచ్చేశాం అనుకున్నా, కడుపు మాత్రం మూడైందని చెప్తోంది. కువైట్ మన కంటే రెండున్నర గంటలు వెనక కదా, అది నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి పిల్లకి ఫోన్ చేస్తే నిద్రలో ఎత్తింది, అక్కడ పన్నెండు దాటిందట. అప్పటి నుంచీ ఫోన్లో రెండు గడియారాలు పెట్టుకున్నాను, పైది మా ఊరిది.

అబ్బాయీ, నీ ప్రశ్నకి నా మాట విను. విమానం ఎంతసేపు అన్నది వదిలెయ్. పోయినేడు నేను వచ్చినప్పుడు కువైట్లో రాత్రి ఎక్కాను, తెల్లారుజామున శంషాబాద్‌లో దిగాను, నాలుగుంబావు గంటలు. పాస్‌పోర్టు లైను, సామాను బెల్టు, కస్టమ్స్, బయటికి వచ్చేసరికి గంటన్నర. మధురపూడి విమానం టికెట్ కొనలేదు, డబ్బులు ఎక్కువని. సామాను కూడా రెండు పెట్టెలు, దేశం లోపలి విమానాల్లో 15 కేజీలు దాటితే డబ్బులు కట్టాలి కదా. పుష్పక్ బస్సెక్కి ఊళ్లోకి పోయి, చెల్లెలింట్లో పగలంతా పడుకుని, రాత్రి బస్సెక్కి, తెల్లారి రావులపాలెంలో దిగి, అక్కణ్ణుంచి ఆటో, మళ్లీ ఇంకో ఆటో. మలికిపురంలో మా గుమ్మం ఎక్కేసరికి శంషాబాద్‌లో దిగి ఇరవై ఆరు గంటలైంది. మా ఆయన "సముద్రం దాటావు గానీ గోదావరి దాటలేకపోయావేంటే" అని నవ్వారు. ఆ పెట్టెలతో నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాతసారి మధురపూడి టికెట్ కొన్నాను. దిగాక కారు మాట్లాడుకుని నేరుగా ఇంటికి. ఖర్చు సంగతి చెప్పను, కానీ మధ్యాహ్నం అన్నం ఇంట్లో తిన్నాను. ఇద్దరు పిల్లలూ స్కూలు నుంచి వచ్చేసరికి నేను అరుగు మీద కూర్చుని ఉన్నా.

నాన్నగారి మోకాళ్లు అంటున్నావు. విమానమే ఎక్కించు.

కడియం_మొక్కలు:
అన్ని లెక్కలూ వేశారు గానీ డిసెంబరు అంటే ఏంటో మర్చిపోయారు. సార్వా వరి కోతలు! కొత్తపేట దారిలో, లాకుల దగ్గర, ఎక్కడ పడితే అక్కడ రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. రెండు బళ్లు ఎదురైతే ఒకటి ఆగాల్సిందే. పైగా ధాన్యం లారీలు.

నా అనుభవం చెప్తాను. రెండేళ్ల కిందట పెళ్లి మొక్కల ఆర్డరు మాట్లాడటానికి హైదరాబాద్ వెళ్లాలి. ముందు రోజు అమలాపురంలో పని ఉండి అక్కడే ఉండిపోయా. మ్యాపులో గంటా యాభై నిమిషాలు అని చూపించింది, నేను రెండూ ముప్పావు గంటలు ముందు బయలుదేరా, పెద్ద తెలివైనవాణ్ణి అనుకున్నా. కాలవ వంతెన మీద ఒక లారీ చక్రం దిగబడి నలభై నిమిషాలు. ఎయిర్‌పోర్టుకి చేరేసరికి విమానం ఇంకా అక్కడే నిలబడి ఉంది, కళ్లకి కనపడుతోంది, కౌంటరు మాత్రం మూసేశారు. గంట ముందే మూసేస్తారని నాకు తెలీదు, టికెట్ మీద టైము అంటే బస్సు టైము లాంటిదే అనుకున్నా. బతిమాలితే ఆ అమ్మాయి పాపం ఏం చేస్తుంది, "సారీ సర్" అంది. గాజు అద్దం ఇవతల నిలబడి అది ఎగిరిపోవడం చూశాను. టికెట్ డబ్బులు గోదాట్లో కలిపినట్టే.

కాబట్టి అంబాజీపేట నుంచి డెబ్బై ఐదు కిలోమీటర్లకి మ్యాపు ఎంత చెప్పినా ముప్పావు గంట కలుపుకో. రావులపాలెంలో హైవే ఎక్కాక జొన్నాడ వంతెన దాటితే ఇక భయం లేదు, రాజమండ్రి ఊళ్లోకి వెళ్లకుండా గాడాల వైపు తిరిగిపో.

లెక్కల_మాస్టారు:
మా నాన్నగారు అమలాపురం నుంచి రాజమండ్రికి కాలవలో లాంచీ మీద వెళ్లేవారు, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని. లాకు దగ్గర లాంచీ లోపలికి పోయాక తలుపులు మూసి నీళ్లు నింపేవారు, లాంచీ మెల్లగా పైకి లేచేది. నాకు అదే విమానం. ధవళేశ్వరంలో దిగేసరికి పొద్దువాలేది. కాటన్ దొర ఆనకట్ట కట్టింది 1852కి, ఆ కాలవలు నీళ్లకే కాదు, బళ్లూ రోడ్లూ లేని ఈ లంక ఊళ్లకి దారులు కూడా అవే. ఇప్పుడు అరవై కిలోమీటర్లకి గంటన్నర పడుతోందని విసుక్కుంటున్నాం.

సంబంధం లేని సంగతి, క్షమించాలి.

అంబాజీపేట_అబ్బాయి:
సంబంధం ఉంది మాస్టారూ, నాన్నకి చదివి వినిపించాను, ఆయన కూడా లాంచీ ఎక్కారట.

10:45 విమానానికి టికెట్లు తీసేశాను. ఇంకో మూడు సంగతులు అడుగుతా, విసుక్కోకండి. నాన్న మెట్లు ఎక్కలేరు, ఏం చేయాలి? మంచు వల్ల ఆగిపోతాయట నిజమేనా? అమ్మ హైదరాబాద్‌లో పిన్నికి ఎండుకొబ్బరి, ఆవకాయ, పూతరేకులు ఇస్తానంటోంది, పట్టుకెళ్లనిస్తారా?

రన్‌వే_రాజు:
మెట్లు: టికెట్ తీసిన సైట్లోనే వీల్‌చైర్ కావాలని పెట్టెయ్, డబ్బులు అడగరు. ఇప్పుడు పెట్టకపోయినా కౌంటరు దగ్గర చెప్పొచ్చు కానీ ముందే చెప్తే మంచిది. ఏటీఆర్‌కి ఇంకో లాభం ఉంది, అది నేలకి దగ్గరగా ఉంటుంది, తలుపు వెనకవైపు, మెట్లు ఐదో ఆరో ఉంటాయంతే. చాలాసార్లు ర్యాంపు కూడా పెడతారు. సీటు వెనక వరసల్లో తీసుకో, తలుపు నుంచి రెండడుగులు. ఎక్కువమంది ముందు సీట్లకి ఎగబడతారు, ఏటీఆర్‌లో అది తెలివితక్కువ.

మంచు: నిజమే. డిసెంబరు, జనవరిలో గోదారి పక్కన పొద్దున్నే పొగమంచు పట్టేస్తుంది, మొదటి విమానం ఆగితే వెనకవి కూడా జరుగుతాయి. 10:45కి మామూలుగా విడిపోతుంది. మంచి పని చేశావ్.

ఎండుకొబ్బరి ఇంట్లో పెట్టెయ్. నూనె ఎక్కువ కదా, మంట పట్టే వస్తువుల లెక్కలో వేసి లగేజీలో వద్దంటారు. కొబ్బరి మార్కెట్ ఉన్న ఊరివాడికి ఈ మాట చెప్పడం నాకూ బాధగానే ఉంది. ఆవకాయ చేతి బ్యాగులో వద్దు, మూత గట్టిగా బిగించి, రెండు కవర్లు చుట్టి లోపలేసే పెట్టెలో పెట్టు. పూతరేకులు చేత్తో పట్టుకో, పెట్టెలో పెడితే పిండి అవుతాయి.

సీటు మాత్రం ఎడమవైపు కిటికీ తీసుకో. విమానం పడమటికి పోతుంది కదా, గోదావరి, ఆనకట్ట, డెల్టా అంతా ఎడమ చేతి వైపే ఉంటుంది. కుడివైపు కూర్చుంటే పోలవరం, పాపికొండలు.

మిడిల్‌బెర్త్:
సరే, ఓడిపోయాను. కనీసం తిరిగొచ్చేటప్పుడైనా రైలు ఎక్కించండి.

అంబాజీపేట_అబ్బాయి:
నిన్న వెళ్లాం, ఇప్పుడు పిన్ని వాళ్లింట్లో కూర్చుని రాస్తున్నా. మీరంతా ఇంత ఓపిగ్గా చెప్పారు కాబట్టి టైములన్నీ ఫోన్లో రాసుకున్నాను.

6:50కి ఇంటి నుంచి కారు. కొత్తపేట దాటాక కడియం అన్నగారు చెప్పినట్టే ధాన్యం, ఒకచోట ఇరవై నిమిషాలు ఆగిపోయాం. నాకు చెమటలు పట్టాయి, నాన్న మాత్రం కిటికీ దించి ఆ రైతుతో తేమ ఎంత ఉంది, ఎంతకి అడుగుతున్నారు అని మాట్లాడుతున్నారు. 9:05కి మధురపూడి. వీల్‌చైర్ కుర్రాడు వచ్చి నాన్నని కూర్చోబెట్టుకుని లైన్లన్నీ దాటించేశాడు, నేను వెనక పరుగు. సెక్యూరిటీ దగ్గర నాన్న పంచె మొలతాడుకి ఉన్న వెండి బిళ్ల కుయ్ మంది, ఆయన సిగ్గుపడ్డారు.

10:38కి తలుపు వేశారు, 10:42కి కదిలింది, 10:51కి నేల విడిచింది. శంషాబాద్‌లో 11:43కి చక్రాలు తగిలాయి. అంటే గాల్లో 52 నిమిషాలు, రాజు గారూ మీకో దండం. 11:52కి ఆగింది. పెట్టె వచ్చి బయటపడేసరికి 12:20. ఎక్స్‌ప్రెస్‌వే మీద క్యాబ్, 1:25కి ఆసుపత్రి. మొత్తం ఆరు గంటల ముప్పై ఐదు నిమిషాలు, అందులో ఎగిరింది గంట కూడా లేదు. రైలుకి వచ్చి ఉంటే ఇంకో రెండు గంటల పైనే పట్టేది, రాత్రి బస్సుకి మొత్తం పదిన్నర గంటలు. డాక్టరు గారు ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారు, మందులూ వ్యాయామాలూ రాసిచ్చారు, మూడు నెలల తర్వాత రమ్మన్నారు.

విమానం లేచిన రెండు నిమిషాలకి నాన్న నా చెయ్యి పట్టుకున్నారు, భయం అనుకున్నా. భయం కాదు, కిందకి చూపిస్తున్నారు. ఆనకట్ట మొత్తం కనపడుతోంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, వేలితో నాలుగు ముక్కలూ లెక్కపెట్టారు. వయసులో ఉన్నప్పుడు కొబ్బరి లోడు మీద కూర్చుని దాని మీంచి ఎన్నిసార్లు వెళ్లారో, నాలుగూ ఒకేసారి ఎప్పుడూ చూడలేదట. ఆ తర్వాత గంటసేపు ఆయన మోకాళ్ల గురించి ఒక్క మాట అనలేదు. ఎల్లుండి తిరుగు ప్రయాణం, "ఏ పక్క కూర్చోవాలో మీ మాస్టార్ని అడుగు" అంటున్నారు.

లెక్కల_మాస్టారు:
ఇప్పుడు తూర్పుకి వస్తారు కాబట్టి కుడి పక్క.  ఏటీఆర్‌కి రెక్క పైన ఉంటుంది, కిందకి చూడ్డానికి అంతగా అడ్డు రాదు. దిగే ముందు పదిహేను నిమిషాలు నాన్నగారిని నిద్రపోనివ్వకు. ఎండ ఉంటే కొల్లేరు కూడా మెరుస్తుంది.

కువైట్_కబుర్లు:
ఆపరేషన్ వద్దన్నారా, హమ్మయ్య. మొలతాడు సంగతి చదివి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

కడియం_మొక్కలు:
ఆ రైతు తేమ ఎంత అన్నాడో చెప్పలేదు.

అంబాజీపేట_అబ్బాయి:
ఇరవై పైన ఉందట అన్నా, ఇంకో రెండు ఎండలు తగలాలి అన్నాడు.

కాకినాడ_కాజా:
లేటుగా వచ్చాను, సారీ. కాకినాడ నుంచి మధురపూడి ఎయిర్‌పోర్టు ఎంత దూరం అండి?

లెక్కల_మాస్టారు:
గీత మీదా, రోడ్డు మీదా? గీత మీద 47, రోడ్డు మీద అరవై పైనే. మీ వైపు కూడా కోతలేనా?